సైప్రసు ద్వీపమున వన్యప్రాణులు

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము భూగోళ పాఠములలో మధ్యధరా సముద్రమును గూర్చి కొంత విపులముగా బోధించితిమి. పిల్లలు ఇండ్లలో ఆ ముచ్చటలు చెప్పినట్లున్నారు. ఒక తండ్రిగారు మా కడకు వచ్చి, "మన పిల్లలు చిలికా సరస్సునే సరిగా చూడలేదు. ఎక్కడనో యున్న దీవిలోని గొఱ్ఱెలును తాబేళ్లును వీరికేల?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే నేడు సైప్రసు ద్వీపమును మీ ముందుంచుచున్నాము.

సైప్రసు మధ్యధరా సముద్రపు తూర్పు మూలను, టర్కీకి దక్షిణముగను, సిరియాకు పడమటను ఉన్నది. ఆ సముద్రమున సిసిలీ, సార్డీనియా ద్వీపముల తరువాత ఇదియే పెద్దది. వైశాల్యము 9,251 చదరపు కిలోమీటర్లు. అనగా మన గంజాం జిల్లాకంటె కొంచెము పెద్దది. నైరృతి భాగమున ట్రూడోస్ పర్వతములు కలవు. వానిలో ఉన్నత శిఖరమైన ఒలింపస్ ఎత్తు 1,952 మీటర్లు. ఈ కొండలరాయి సుమారు 9 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రగర్భమున పుట్టినది. భూమి లోపలి ఒత్తిడిచే అది పైకి లేచి పర్వతమైనది. సముద్రపు అడుగుపై కాలినడకను తిరుగగల చోట్లు ప్రపంచమున బహు కొద్ది. అందులో ఇది యొకటి.

ఆ రాతిలో రాగి విస్తారము. లాటిను భాషలో రాగికి గల పేరు ఈ దీవి పేరునుండియే వచ్చినది. రాగిని కరగించుటకు కట్టెలు కావలెను. ఓడలు కట్టుటకు మ్రానులు కావలెను. కనుక వేల సంవత్సరములపాటు ఆ దీవి అడవులపై గొడ్డలి పడుచునే యున్నది. అయినను నేటికిని అచ్చట అడవులు మిగిలియున్నవి. అవి యెట్లు మిగిలినవో చెప్పుటయే మా ముఖ్యోద్దేశము.

అచ్చటి వానలు శీతకాలపు వానలు. వేసవి నెలలలో చినుకు పడుట అరుదు. చెట్లు మన చెట్లవలె వానకాలమున వేసవి బడలిక తీర్చుకొనుటకు వీలులేదు. మండువేసవిని దప్పికతోనే గడపవలెను. అందుచేత వాని ఆకులు చిన్నవిగను, దళసరిగను, నిగనిగలాడుచును ఉండును. తీరమున ఇసుకతిన్నెలును ఉప్పు సరస్సులును కలవు. వానికి ఎగువను సువాసనగల పొదలును, ఆలివు చెట్లును, చింతకాయలవంటి నల్లని కాయలు కాయు కారబ్ చెట్లును పెరుగును. ఇంకను పైకి పోయినచో పైను వృక్షముల అడవి. ఆ అడవిలో బంగారు ఓకు అను చెట్టు కలదు. దాని ఆకు పైభాగము ముదురుపచ్చ, అడుగుభాగము పసిడివన్నె. ఈ చెట్టు సైప్రసులో తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగదు. 2006లో దీనిని జాతీయ వృక్షముగా ప్రకటించిరి.

పాఫోస్ అరణ్యమున ఒక లోయలో దేవదారు వృక్షములు కలవు. మన హిమాలయములలోని దేవదారునకు ఇవి దాయాదులు. లెబనాన్, టర్కీ కొండలపై నొక తెగయు, ఉత్తరాఫ్రికాలోని అట్లాస్ పర్వతములపై నొక తెగయు, హిమాలయములలో నొక తెగయు ఉండగా, నాలుగవ తెగ ఈ చిన్న దీవిలో నిలిచియున్నది. వీని ఆకులు తక్కిన దేవదారుల ఆకులకంటె పొట్టివి.

దీవులలోని ప్రాణులకు ఒక ప్రత్యేకత కలదు. పెద్ద భూభాగమున ఒక చోట మేత కరవైనచో మృగము మరియొక చోటికి పోవును. దీవిలోని మృగమునకు పోవుటకు చోటు లేదు. ఉన్నదానితో సరిపెట్టుకొని, తరతరములుగా మార్పుచెంది, ఆ నేలకే చెందిన ప్రాణి యగును; సరిపెట్టుకొనలేనిచో నశించును. దక్షిణ తీరమున అక్రోతిరి కడ కొండచరియలో ఒక రాతిపంచ యున్నది. 1980ల చివర అలన్ సిమన్స్ అను అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చట త్రవ్వించగా, పందియంత ప్రమాణముగల మరుగుజ్జు నీటిగుఱ్ఱముల ఎముకలు బయల్పడినవి. అవి 500కు పైగా జంతువులవి. వానితోపాటు రాతి పనిముట్లును లభించినవి. ఇవి సుమారు 12,000 సంవత్సరముల నాటివి. మేత తక్కువైన దీవిలో తరములు గడచిన కొలది పెద్ద జంతువు చిన్నదైనది. ఆ చిన్న జంతువు కూడ పిమ్మట మిగులలేదు. తొలి వేటగాండ్రే దానిని తుదముట్టించిరని కొందరును, మారిన వాతావరణమే కారణమని కొందరును వాదింతురు. కారణ మేదైనను ఆ జంతువును మరల తెచ్చుకొనుటకు లోకమున రెండవ చోటు లేదు.

ఇక ఆ దీవికి ముద్దుబిడ్డయైన అడవిగొఱ్ఱెను గూర్చి చెప్పెదము. గ్రీకు భాషలో దానిని అగ్రినో అందురు. పొట్టేలునకు కొడవలివలె వెనుకకు వంగిన పెద్ద కొమ్ములుండును, ఆడుదానికి కొమ్ములుండవు. కొండవాలులపై మెరుపువలె పరుగిడును. 2008 నుండి ఆ దేశమున చెల్లుచున్న చిన్న నాణెములపై దీని బొమ్మయే యున్నది. ఇంత గౌరవము పొందిన ఈ మృగము ఆదిలో ఆ దీవిది కాదు. సుమారు పదివేల సంవత్సరముల క్రిందట వ్యవసాయము నేర్చిన మానవులు పడవలలో దీని పూర్వులను తెచ్చిరి. అవి అడవి పాలై, ఆ కొండలకు అలవాటుపడి, ఆ దీవికే ప్రత్యేకమైన తెగగా రూపొందినవి. వలసవచ్చినవారు నిలుకడగా నివసించినచో ఆ నేల వారిదే యగునని మనవంటివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ అగ్రినో 1930ల నాటికి పదునైదు మాత్రమే మిగిలినవని లెక్క. తుపాకి యొక కారణము. మేక మరియొక కారణము.

మేక యనగానే మీరు నవ్వవచ్చును. కాని మధ్యధరా దేశముల అడవులకు గొడ్డలి చేసిన కీడుకంటె మేక చేసిన కీడు తక్కువ కాదు. గొడ్డలి పెరిగిన చెట్టును నరకును; మేక మొలకను కొరుకును. నరికిన చెట్టు మోడునుండి చిగిర్చినను ఆ చిగురును మేక తినివేయును. 1878లో ఆ దీవి ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చిన పిమ్మట అటవీశాఖవారికిని మేకల కాపరులకును దశాబ్దములపాటు తగవు నడచినది. కాపరి దుర్మార్గుడు కాడు. అతనికి పొలము లేదు, మేకలే ఆస్తి. పాలు, జున్ను, మాంసము, బిడ్డల చదువు, కూతురి పెండ్లి, అన్నియు మేకపైననే. "అడవిలోనికి రావలదు" అనుట సులభము. వినువానికి అది కడుపు మీద కొట్టినట్లే.

1913లో మేకల శాసన మొకటి వచ్చినది. దాని ప్రకారము ఒక గ్రామములోని వారు తమలో తాము వోటు వేసికొని, తమ పరిధిలో మేకలు విచ్చలవిడిగా తిరుగుటను నిషేధించుకొనవచ్చును. సర్కారు ఆజ్ఞగా గాక గ్రామస్థుల నిర్ణయముగా ఇది జరుగుట గమనింపదగిన విషయము. మార్పు మెల్లగా వచ్చినది. కొన్ని గ్రామములు ఒప్పుకొన్నవి, కొన్ని కాదన్నవి. తుదకు 1939లో పాఫోస్ అరణ్యమును వేట నిషిద్ధ ప్రాంతముగా ప్రకటించి, అందు మేకల మేపును తొలగించిరి. అడవి మరల చిగిర్చినది. పదునైదైన అగ్రినోలు 1990ల చివరకు వేయికి మించినవి. ఇటీవలి అంచనా ప్రకారము సుమారు మూడు వేలు.

ఇట్టి విజయములను చదువునప్పుడు మనము అగ్రినోను మాత్రమే చూతుము. మేకలను అమ్ముకొని వేరు వృత్తి వెదకికొన్న కుటుంబములను కూడ చూడవలెనని మా మనవి. ఆ మూడు వేల మృగముల వెనుక వారి నష్ట మున్నది. వారికి నాణెముపై బొమ్మ లేదు.

ఇప్పుడు పక్షుల సంగతి. ఐరోపానుండి ఆఫ్రికాకును, ఆఫ్రికానుండి ఐరోపాకును పోవు పక్షులకు సైప్రసు దారిలోని సత్రము. ఆ దీవిలో నాలుగు వందలకు పైగా పక్షిజాతులు నమోదైనవి. ఎలియనోరా డేగ యను పక్షి తక్కిన పక్షులవలె వసంతమున గాక వేసవి చివర పిల్లలను లేపును. ఏలనన శరత్కాలమున వలసపోవు చిన్నపిట్టలే దాని పిల్లలకు ఆహారము. ఆ పిల్లలు పెరిగిన పిమ్మట అవి యన్నియు మడగాస్కరుదాక ఎగిరిపోవును.

ఆ చిన్నపిట్టలకు డేగకంటె మనుష్యుని భయ మెక్కువ. నక్కెర జాతి చెట్టు పండ్లను ఉడికించి జిగురు తీసి, పుల్లలకు పూసి, పొదలలో నిలుపుదురు. మన పల్లెలలోను బంకనక్కెర చెట్టును ఎరుగనివారుండరు. దాని పండుబంక ఎంత పట్టునో పిల్లలకు తెలియును. పుల్లపై వాలిన పిట్ట కాళ్లు అంటుకొనును. విదిలించుకొనబోగా రెక్కలును అంటుకొనును. అట్లు పట్టిన పిట్టలను అంబెలోపూలియా అను పేర వండి తినుట అచ్చట పాత ఆచారము. మాంసము అరుదైన పేదరికపు దినములలో అది ఆకలి తీర్చిన వంట. నేడది ఆకలికొన్నవాని వంట కాదు. దొంగచాటుగా అధిక ధరకు అమ్ముడగు వేడుక వంట. జిగురుతో పాటు దారపు వలలును వచ్చినవి. 1974లోనే చట్టము దీనిని నిషేధించినది. 2004లో ఆ దేశము ఐరోపా సమాఖ్యలో చేరిన పిమ్మట కట్టుబాట్లు ఇంకను గట్టివైనవి. నిఘావలన తగ్గినదే కాని పూర్తిగా ఆగలేదు. వలలు సర్కారు పట్టుకొనగలదు. నాలుకపై నున్న రుచిని పట్టుకొనలేదు. అది ఇంటిలోని పెద్దలే మానవలసినది.

తూర్పు తీరమున లార్నకా పట్టణము ప్రక్కను ఒక ఉప్పు సరస్సు కలదు. శీతకాలపు వానలకు నిండును. వేసవికి ఎండి తెల్లని ఉప్పుపొరయై మెరయును. 1980ల వరకు అచ్చట ఉప్పు తీసిరి. నీరు నిండగానే సూక్ష్మమైన ఉప్పునీటి రొయ్యలు పుట్టును. వాని గుడ్లు ఎండిన బురదలోను చెడక నిలుచును. ఆ రొయ్యలకొరకు నవంబరు మొదలు మార్చివరకు వేల ఫ్లెమింగోలు వచ్చి వాలును. మనవారు వానిని రాజహంసలందురు. వాని గులాబివన్నె పుట్టుకతో వచ్చినది కాదు. తిన్న ఆహారమునుండి వచ్చినది. ఆ జాతి ఫ్లెమింగోయే మన చిలికాకును, ఆంధ్రదేశమున పులికాటు సరస్సునకును శీతకాలమున వచ్చుచుండును. పిల్లలారా, మీరు చూడగల పక్షియే అది.

2021 ఆరంభమున లార్నకా సరస్సు కడ తొంబదికి పైగా ఫ్లెమింగోలు చనిపోయినవి. సరస్సు సమీపమున పూర్వము తుపాకి గురి నేర్చుకొను మైదాన మొకటి యుండెడిది. అది మూతపడి పదునేడు పదునెనిమిది సంవత్సరములైనను సీసపు గుండ్లు బురదలోనే యుండిపోయినవి. ఆహారము అరుగుటకు ఇసుకరేణువులు మ్రింగు ఆ పక్షులు గుండ్లను మ్రింగి విషమెక్కి చనిపోయినవని అచ్చటి పరిరక్షకులు భావించిరి. వేటగాడు ఇంటికి పోయినను గుండు పోలేదు. మనము నేడు చెరువులో పారవేయునది మన మనుమల కాలమునను పనిచేయుచుండునని దీనివలన తెలియుచున్నది.

పడమటి తీరమున లారా అను ఇసుకతీరము కలదు. పచ్చ తాబేళ్లును, లాగర్‌హెడ్ తాబేళ్లును వేసవి రాత్రులందు ఒడ్డెక్కి, గోయి త్రవ్వి, సుమారు నూరేసి గుడ్లు పెట్టి పోవును. నక్కలు వానిని త్రవ్వి తినును. 1978నుండి అచ్చటి మత్స్యశాఖవారు గూళ్లపై లోహపు జాలీలు బోర్లించి కాపాడుచున్నారు. ఆ తీరమున దీపములు, వాహనములు, ఎండగొడుగులు పెట్టరాదను కట్టుబాటు కలదు. పొదిగిన పిల్ల తాబేలు వెలుగు నున్న వైపునకు పోవును. సహజముగా ఆ వెలుగు సముద్రముపైని ఆకాశము. ఒడ్డున దీపమున్నచో పిల్ల దారితప్పి నేలవైపు పోయి చచ్చును.

ఆడ తాబేలు పెరిగి గుడ్లు పెట్టుటకు ఇరువది ముప్పది సంవత్సరములు పట్టును. పెట్టుటకు తాను పుట్టిన ప్రాంతమునకే తిరిగి వచ్చును. కనుక 1978లో జాలీ బోర్లించినవాని శ్రమకు ఫలము రెండు దశాబ్దములు దాటిన పిమ్మటగాని కనబడదు. అయినను వారు ప్రతి వేసవిని ఆ పని చేసిరి. నేడు అచ్చట పచ్చ తాబేళ్ల గూళ్లు మునుపటికంటె ఎన్నోరెట్లు పెరిగినవి. ఉపాధ్యాయులకును తలిదండ్రులకును ఇంతకంటె ధైర్యము చెప్పు విషయము మాకు తోచలేదు.

అన్ని ప్రయత్నములును ఇట్లు ఫలించినవని చెప్పజాలము. నక్కలకును ఊరకుక్కలకును పెట్టిన విషపు ఎరలు తిని అచ్చటి రాబందులు కొద్దిపాటికి తగ్గిపోయినవి. 2011 మొదలు 2014 వరకు క్రీటు దీవినుండియు, 2022నుండి స్పెయిన్ దేశమునుండియు రాబందులను తెచ్చి విడిచిరి. తెచ్చిన వానిలోను కొన్ని విషమునకు బలియైనవి. పక్షిని తెచ్చుట సులభము. విషము పెట్టు అలవాటును మాన్పుట కష్టము.

మరియొక చిత్రమైన సంగతి. 1974నుండి ఆ దీవి రెండుగా చీలియున్నది. నడుమ ఐక్యరాజ్యసమితి కాపలాలో సుమారు 180 కిలోమీటర్ల పొడవున ఒక నేల యున్నది. విడిచిపెట్టబడిన ఒక గ్రామమున, కూలిన గోడల నడుమ, నేడు అగ్రినోలు మేయుచున్నవి. మనుష్యుడు తొలగినచో వన్యప్రాణి సుఖముగా నుండునని కొందరు దీనిని ఉదాహరింతురు. ఇండ్లు విడిచి పోయినవారి దుఃఖముతో కొన్న సుఖ మది. మనకు ఆదర్శము కాజాలదు. మేక వోటు వేసిన గ్రామమును, లారా తీరపు జాలీయు మనకు ఆదర్శములు. అచ్చట మనుష్యులు ఉండియే ప్రాణులను ఉండనిచ్చిరి.

తండ్రిగారి ప్రశ్నకు ఇప్పుడు వత్తుము. మన ఋషికుల్యా నదీముఖమున, అనుకూలించిన సంవత్సరములలో, లక్షల సంఖ్యలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టుటకు ఒడ్డెక్కును. ఆ తీరమున తెలుగు మాటాడు బెస్త కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. తాబేళ్ల రక్షణకై నవంబరు 1 మొదలు మే 31 వరకు అచ్చటి సముద్రమున చేపలవేటపై నిషేధము కలదు. ఆ ఏడు నెలలు ఆ యిండ్ల పొయ్యి ఎట్లు వెలుగును? సైప్రసు కాపరి అడిగిన ప్రశ్నయే ఇది. తాబేలు అందరిది, నష్టము కొందరిది. ఆ కొందరి బిడ్డలు మన బడిలో చదువుచున్నారు. వారు భూగోళమును, శాస్త్రమును, చట్టమును నేర్చి, తమ తీరమును గూర్చి జరుగు నిర్ణయములలో తామును కూర్చుండి మాటాడవలెను. దూరపు దీవి కథను వారికి చెప్పుటలో మా ఉద్దేశ మిదియే. నీతివాక్యముగా చెప్పినచో వారు మరచిపోవుదురు. మరియొకచోట మరియొకరు పడిన కష్టముగా చెప్పినచో తమ కష్టమును దానితో పోల్చి ఆలోచింతురు.

మీరు చేయవలసిన దొకటి కలదు. సైప్రసువారు రాబందును క్రీటునుండి తెచ్చుకొనగలిగిరి. అగ్రినో నశించియున్నచో తెచ్చుకొనుటకు చోటు లేకపోయెడిది. మన భాషకు గోదావరీ కృష్ణా తీరములు ఉన్నవి గనుక భయము లేదని మనము ధైర్యపడుదుము. కాని ఈ తీరమున మన అవ్వల నోటనున్న చేపల పేర్లు, గాలుల పేర్లు, పిట్టల పేర్లు పుస్తకములలో లేవు, అవి ఇచ్చటివే. ఒకమారు పోయినచో ఏ పట్టణమునుండియు తెచ్చుకొనలేము. ఈ సెలవులలో మీ బిడ్డలను చిలికాకో, ఋషికుల్యకో తీసికొనిపొండు. ఇంటి పెద్దలను అడిగి అచ్చట కనబడిన ప్రతి ప్రాణికిని తెలుగు పేరు వ్రాయింపుడు. బడి తెరచిన దినమున ఆ పేర్ల పట్టికలు మాకు తెచ్చి యిండు. మేము వానిని భద్రపరచెదము.